ఆగిపోయిన హెచ్‌ఎంటీ ట్రాక్టర్‌కు పాత సామాను ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా నాయన 1979లో హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టర్ కొన్నాడు. పదేళ్లుగా అది కల్లం దగ్గర చింతచెట్టు కింద నిలబడిపోయింది. ఇంజన్ సీజ్ అయింది, లోపల పట్టేసి తిరగడం లేదు. డైనమో, సెల్ఫ్ మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. వెనక నాగలిని ఎత్తే లిఫ్టు అంతకు ముందు నుంచే లేవడం లేదు. నాయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన ఉండగానే దాన్ని మళ్లీ నడిపించాలని నా కోరిక. అనంతపురం అంగళ్లలో అడిగితే ‘హెచ్‌ఎంటీనా, కంపెనీనే లేదు, సామాను రాదు’ అంటున్నారు. గుంతకల్లు వైపు ఒక మెకానిక్ తన దగ్గర పడి ఉన్న ఇంకో 2511ను 45 వేలకు ఇస్తా, దాన్ని ఊడదీసి నీదానికి వేసుకో అంటున్నాడు. మా అన్న మాత్రం పాత ఇనుము కొనే గుజిరీకి వేసేద్దాం అంటాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: గుజిరీకి వేయకండి. అలాగని ఆ 45 వేలు కూడా ఇప్పుడే చేతిలో పెట్టకండి.

మీ ట్రాక్టర్‌ను ఇంకా ఎవరూ విప్పి చూడలేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. లోపల ఏది బాగుందో, ఏది పోయిందో తెలియకుండా ఇంకో బండి కొంటే, మీకు కావలసిన వస్తువే దాంట్లోనూ అరిగిపోయి ఉండొచ్చు. ఒకే మోడల్ బండ్లు చాలావరకు ఒకే చోట దెబ్బతింటాయి. మీదాంట్లో లిఫ్టు పోయింది కదా, ఆయన దాంట్లో లిఫ్టు లేస్తుందని ఎవరు చూశారు? ముందు మీది విప్పండి, ఏం కావాలో రాసుకోండి. ఆ బండి సంగతి తర్వాత చూద్దాం.

విప్పేలోపు ఒక ముఖ్యమైన జాగ్రత్త. సీజ్ అయిన బండిని గేర్‌లో వేసి ఇంకో ట్రాక్టర్‌తో లాగితే తిరిగేస్తుందని ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. సైలెన్సర్ పైకి నిటారుగా ఉండి, మూత లేకపోతే, పదేళ్ల వాన నీళ్లు తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగి ఉంటాయి. పిస్టన్ రింగులు తుప్పు పట్టి లైనర్‌కు, అంటే పిస్టన్ కదిలే గొట్టానికి, అతుక్కుపోయేది ఇలాగే. పిస్టన్ పైన నీళ్లు నిలిచి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పారంటే ఆ నీళ్లు కుదించుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అప్పటిదాకా రింగులతో, లైనర్లతో పోయే ఖర్చు రాడ్డుకీ, అది తిప్పే క్రాంకు షాఫ్టుకీ కూడా పాకుతుంది.

సిలిండర్‌లోకి డీజిలు చిమ్మే నాజిళ్లు ఊడదీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిలు, ఇంజన్ ఆయిలు సగం సగం కలిపి పోయండి. వారం పది రోజులు నాననిచ్చి, మధ్యలో మళ్లీ పోయండి. ఆ తర్వాత ఫ్లైవీల్ పళ్ల దగ్గర కడ్డీ పెట్టి, ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం కదిపి చూడండి. కదిలితే సగం గెలిచినట్టే. కదలకపోతే హెడ్డు దించాల్సిందే, తొందర వద్దు. ఈలోగా ఆయిల్ ఛాంబర్ కింది బోల్టు విప్పి, మొదట ఏం కారుతుందో ఒక డబ్బాలో పట్టుకోండి. నీళ్లు వచ్చినా, ఆయిలు పాల రంగులో ఉన్నా నీళ్లు లోపలికి దిగాయన్న మాట. ఈ ఇంజన్‌లో రేడియేటర్ నీళ్లు నేరుగా లైనర్ బయటి గోడను తాకుతాయి. లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులు ఎండి చీలితే నీళ్లు అక్కడి నుంచి కూడా దిగుతాయి. ఆ రబ్బరు రింగులు దొరకని వస్తువేమీ కాదు.

ఇక ‘కంపెనీనే లేదు’ అన్న మాట. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ హర్యానాలోని పింజోర్‌లో ఉండేది. 1971లో అక్కడ తయారీ మొదలైంది. 2016లో ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అంతవరకు అంగడివాళ్లు చెప్పింది నిజమే. కానీ మీ 2511 హెచ్‌ఎంటీ సొంతంగా గీసుకున్న బండి కాదు. అప్పటి చెకొస్లొవేకియాలో బ్రనో నగరంలో తయారయ్యే జెటార్ 2511 నమూనానే ఇక్కడ కట్టారు. ఆ జెటార్ వాళ్లు రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లను ఒకే కుటుంబంగా, వీలైనన్ని భాగాలు ఒకటే ఉండేలా తయారు చేశారు. రెండు సిలిండర్ల 2511కు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 95 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 110. మూడు సిలిండర్ల 3511కూ అవే కొలతలు. అందుకే ఒకటి 1,560 సీసీ, ఇంకొకటి 2,340 సీసీ.

దీనివల్ల మీకు కలిగే మేలు చాలా పెద్దది. 2511 సామానే కావాలని తిరిగితే మీకు పది అంగళ్లలో ‘లేదు’ అన్న మాటే వినిపిస్తుంది. ‘3511 పిస్టన్ ఉందా, జెటార్ లైనర్ ఉందా’ అని అడిగితే అదే అంగడిలో పై అర మీంచి ఒక అట్టపెట్టె దిగొచ్చు. అయితే మోడళ్లు మారేకొద్దీ చిన్న చిన్న మార్పులు జరుగుతూ వచ్చాయి. కుటుంబం ఒకటే కదా అని కొలవకుండా కొనకండి. పాత ట్రాక్టర్ సామాను వెతికేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే: బానెట్ మీది పేరును పట్టుకుని తిరగొద్దు. ఆ వస్తువు ఏ వంశంలోదో, దాని కొలత ఎంతో, దాని మీద చెక్కిన నంబరు ఏమిటో పట్టుకుని తిరగండి.

మన సీమలో మూలన పడి ఉన్న బండ్లు హెచ్‌ఎంటీలు ఒక్కటే కాదు కాబట్టి మిగతావాళ్ల కోసం కూడా ఇక్కడే రాస్తున్నాను. ఇంటర్నేషనల్ బి-275 ఉన్నవాళ్లు మహీంద్రా 275 సామాను వైపు చూడాలి. 1963లో మొదలైన ఆ ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ 1977లో మహీంద్రాలో కలిసిపోయింది. ఎస్కార్ట్స్ వాళ్లు కట్టిన ఫోర్డ్ 3600 ఉంటే ఫార్మ్‌ట్రాక్ సామాను చూడండి. ఐషర్ ట్రాక్టర్లు 2005 నుంచి చెన్నైలోని టాఫే చేతిలో ఉన్నాయి. మాస్సీ ఫెర్గూసన్ 35, 1035 ఉన్నవాళ్లకు అసలు బెంగ అక్కర్లేదు. మూడు సిలిండర్ల పెర్కిన్స్ వంశం ఇంజన్ సామాను సింప్సన్ పేరుతో మన దగ్గర ఇప్పటికీ దొరుకుతుంది. వాళ్లకు కష్టమయ్యేది బానెట్, మడ్‌గార్డు, మీటర్ల పలక లాంటి పైసామానే.

ఇప్పుడు విప్పే పని. ఊడదీసిన ఏ వస్తువునూ, ఎంత పాడైనా, పారేయకండి. విరిగిన షాఫ్టు ముక్క కూడా లేత్ షాపువాడికి నమూనా. ఒక్కో భాగం విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటో తీసుకోండి. నట్లు, బోల్టులు ఎక్కడివి అక్కడే వేరు వేరు డబ్బాల్లో వేసి పేరు రాయండి. మీది మిల్లీమీటర్ల మరలున్న బండి. మాస్సీ, ఫోర్డ్, ఇంటర్నేషనల్ అంగుళాల మర బండ్లు. మన మెకానిక్‌లకు ఆ అంగుళాల బండ్లే ఎక్కువ అలవాటు. రెండున్నర సూత్‌ల (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) బోల్టు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు కంటికి ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి పెడితే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. స్పానర్‌తో ఇంకా బిగించారంటే బ్లాక్‌లో మర తెగిపోతుంది. మర కొలిచే గేజీ చాలా చవక, ఒకటి కొని మీ దగ్గరే పెట్టుకోండి.

బేరింగుల దగ్గర మీ సగం టెన్షన్ తీరిపోతుంది. బేరింగు అంచును గుడ్డతో రుద్దితే నంబరు కనబడుతుంది. 6208 అని ఉందనుకోండి, చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. బయటి కొలత 80, మందం 18. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా 6208 అంటే ఇంతే. ముందూ వెనకా ఉండే అక్షరాలు కూడా రాసుకోవాలి, అవి మూత, సందు లాంటి తేడాలను చెబుతాయి. ఆయిల్ సీలు మీద కూడా 40-62-10 లాంటి మూడు కొలతలుంటాయి: షాఫ్టు, బయటి గూడు, మందం. కాబట్టి ఈ రెండింటికీ ట్రాక్టర్ అంగడికి పోనక్కర్లేదు, హెచ్‌ఎంటీ అన్న మాటే ఎత్తనక్కర్లేదు. ఏ బేరింగుల అంగడికైనా వెళ్లి నంబరు చెప్పండి. ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టర్, నాజిల్ కూడా ఇంతే, వాటి మీదే నంబరుంటుంది. డీజిల్ పంపుకు రేకు బిళ్ల ఉంటే దాన్ని రంగు వేసి కప్పేయకండి. పంపు రిపేరువాడికి కావలసిన వివరమంతా దాని మీదే ఉంటుంది.

పాతది కొనదగినది ఏది, కొనకూడనిది ఏది అన్న విషయంలో నాది కచ్చితమైన అభిప్రాయం. పోతపోసిన ఇనుప భాగాలు పాతవి నిశ్చింతగా కొనవచ్చు: గేర్‌బాక్స్ గూడు, ముందు యాక్సిల్, హబ్బులు, ఇన్‌లెట్ మేనిఫోల్డ్, లిఫ్టు చేతులు, పుల్లీలు. అప్పటి పోత గట్టిది, అది అరిగే చోటు తక్కువ. రేకు సామాను అయితే పాతదే కొనాలి, కొత్తది రాదు. రబ్బరు, సీళ్లు, గాస్కెట్లు, గొట్టాలు, బేరింగులు, బేరింగు షెల్లులు, బ్రేకు లైనింగు, క్లచ్ ప్లేటు మాత్రం పాతవి ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రేకు డ్రమ్ము తెరిచినప్పుడు ఆ దుమ్మును నోటితో గానీ, పంక్చర్ షాపు గాలితో గానీ ఊదకండి, ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పారేయండి.

మధ్యలో ఉండేవే అసలు చిక్కు: క్రాంకు, హెడ్డు, గేర్లు, పంపు. పాత క్రాంకు కొనేముందు దాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించండి. క్రాంకును పాతిక, యాభై, డెబ్బై ఐదు, వంద పాయింట్లు, అంటే ఒక మిల్లీమీటర్ దాకా అంచెలంచెలుగా గ్రైండింగ్ చేసుకుంటూ పోతారు. చివరి అంచె వాడేసిన క్రాంకు పైకి ఎంత నిగనిగలాడినా తూకానికి తప్ప దేనికీ పనికిరాదు. హెడ్డు కొంటే వాల్వు సీట్ల మధ్య పగుళ్లు చూడాలి. అంగట్లోనే చేయగలిగే పరీక్ష ఒకటుంది. కిరోసిన్ పూసి కాసేపాగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులోకి దిగిన కిరోసిన్ పైకి ఊరి, సుద్ద మీద సన్నటి తడి గీత పడుతుంది. వెనక ఇరుసును తిప్పే పళ్ల చక్రాలైన క్రౌను, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. అవి ఒకదానితో ఒకటి అరిగి కలిసిపోయినవి. ఒక బండి క్రౌను, ఇంకో బండి పినియన్ కలిపితే కొన్నాళ్లు అరిచి, తర్వాత పళ్లు రాలుస్తాయి. డీజిల్ పంపు పాతదైతే, అది డీజిలు సరిగ్గా కొలిచి పంపుతుందో చూసే కాలిబ్రేషన్ బెంచీ మీద పెట్టి చూపిస్తేనే మిగతా డబ్బు ఇస్తానని చెప్పండి. నిజాయితీగా అమ్మేవాడు ఒప్పుకుంటాడు.

మీ లిఫ్టు గురించి ఒక మాట. లిఫ్టు లేవకపోతే అందరూ దాని హైడ్రాలిక్ పంపు పోయిందంటారు. చాలాసార్లు లోపలి పిస్టన్ సీలో, అడుగున పేరుకున్న బురదతో మూసుకుపోయిన జాలీనో, ఎక్కడో గాలి పీలుస్తున్న గొట్టమో కారణమవుతుంది. ఆయిలు మార్చి, జాలీ కడిగి, సీళ్లు వేసి చూడకుండా పంపు కోసం ఊళ్లు తిరగకండి.

ఎక్కడ వెతకాలి? అనంతపురం, గుంతకల్లు, కర్నూలు గుజిరీలు అందరికీ తెలిసినవే, అక్కడ అదృష్టం పాలు ఎక్కువ. నాకు అంతకంటే నమ్మకం చుట్టుపక్కల ఊళ్ల మీదే. 1980ల్లో హెచ్‌ఎంటీ కొన్న రైతులు ఆదోని, ఆలూరు నల్లరేగడి పల్లెల్లో, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఇంకా ఉన్నారు. వాళ్ల ఇళ్ల వెనక గాటిపాటలో తీసేసిన సామాను ఉంటుంది. అప్పటి బండ్లు చాలావరకు నీళ్ల ట్యాంకర్లు లాగడానికో, ఇటుక బట్టీలకో, తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల పనులకో చేరాయి. అక్కడి మెకానిక్‌లను అడగండి. వయసైన మెకానిక్‌లను ముందు అడగండి, ఏ బండి ఏ ఊరికి పోయిందో వాళ్లకు గుర్తుంటుంది. రైతు ఇంటికి పోయినప్పుడు మీ నాయనను కూడా తీసుకుపోండి. బేరగాడు వస్తే లేదనే పెద్దాయన, సాటి హెచ్‌ఎంటీ రైతు వస్తే గడ్డివాము వెనక్కి తీసుకెళ్లి చూపిస్తాడు.

ఇక్కడ దొరకనివి ఉంటే బెంగళూరు పోండి, మీకు దగ్గర కూడా. జేసీ రోడ్డులో కొత్త స్పేర్లు, శివాజీనగర్ గుజిరీలో పాతవి. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట కూడా పాత సామానుకు పేరున్న చోట్లు. లూధియానా, రాజ్‌కోట్‌లలో ట్రాక్టర్ స్పేర్లు తయారు చేసే చిన్న ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. హెచ్‌ఎంటీ బండ్లు ఎక్కువగా నడిచింది ఉత్తరాదిలోనే కాబట్టి గేర్లు, లైనర్ సెట్లు అటునుంచి పార్సిల్ తెప్పించుకోవచ్చు. కానీ మొత్తం డబ్బు ముందే పంపకండి. వస్తువు పక్కన స్కేలు పెట్టి ఫోటో, కొలతలతో వీడియో అడగండి. ఏ అంగడికి పోయినా మీ పాత వస్తువును గోనెసంచిలో వేసుకుని పోండి. నోటితో వర్ణించి కొన్నది ఇంటికొచ్చాక పట్టకపోతే ఎవరూ వాపసు తీసుకోరు.

గుజిరీలో కొన్న ప్రతిదానికీ రసీదు రాయించుకోండి. మీ డైనమో ఎత్తుకుపోయినట్టే ఇంకెవరిదో ఎత్తుకొచ్చి మీకు అమ్మొచ్చు. ఇంజన్ బ్లాకు, ఛాసిస్ లాంటి నంబరున్న సామాను రసీదు లేకుండా అసలు ముట్టుకోవద్దు.

సెల్ఫ్, డైనమో విషయంలో అచ్చం అవే కావాలని పట్టుబట్టకండి. సెల్ఫ్‌కు చూడాల్సినవి మూడు: పళ్ల లెక్క, ఫ్లాంజి బోల్టుల దూరం, తిరిగే దిక్కు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని ఇవి సరిపోల్చుకోండి. డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టించుకుంటే ఛార్జింగ్ బాగుంటుంది. మ్యూజియంలో పెట్టే బండి కాదు కాబట్టి నాకైతే ఇందులో తప్పు కనబడదు.

గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల వాళ్లంతా దాని కోసం మన జిల్లాకు వస్తారు. ట్రాక్టర్ల నిర్వహణ మీద రైతులకు శిక్షణ ఇస్తారు. ఈ పని మీద మీకు ఇంత ఇష్టముంది కాబట్టి ఒకసారి వెళ్లి అక్కడ ఏ కోర్సులు నడుస్తున్నాయో కనుక్కోండి. మెకానిక్ ఏం చేస్తున్నాడో తెలిసిన యజమాని దగ్గర పని ఎప్పుడూ బాగా జరుగుతుంది.

ఇప్పుడు ఆ 45 వేల బండి. మీ జాబితా తయారయ్యాక వెళ్లి, ఆ జాబితాలోని పెద్ద వస్తువులు దాంట్లో ఎన్ని బాగున్నాయో చూడండి. సైలెన్సర్‌కు మూత ఉందా, ఇంజన్ చేత్తో తిరుగుతుందా, గేర్‌బాక్స్ ఆయిల్ బోల్టు విప్పితే ఇనుప పొడి వస్తుందా, బానెట్, మడ్‌గార్డులు తుప్పు తినకుండా ఉన్నాయా, ఇవన్నీ చూడాలి. దాని తూకాన్ని ఆ రోజు ఇనుము ధరతో గుణిస్తే గుజిరీవాడు ఇచ్చే రేటు తెలుస్తుంది. బేరం అక్కడి నుంచి పైకి పోవాలి తప్ప 45 నుంచి కిందికి దిగకూడదు. క్రాంకు, హెడ్డు, లిఫ్టు, రేకు సామాను, ఈ నాలుగింటిలో మూడు బాగుంటే తీసుకోండి. మీకు వద్దన్నవి ఇంకో హెచ్‌ఎంటీ రైతుకు పనికొస్తాయి. అన్నీ మీదానిలాగే ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొంటే మాత్రం దాని ఆర్సీ కూడా అడగండి. పూర్తిగా విప్పేసిన బండి ఆర్సీని రద్దు చేయించాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమానిది. ఆ పని ఆయన చేతే చేయించి కాగితం తీసుకోండి.

మీ సొంత ఆర్సీ పుస్తకాన్ని ఈ వారమే ట్రంకుపెట్టెలోంచి వెతికి తీయండి. వ్యవసాయ ట్రాక్టర్‌కు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి బండిని రవాణా అధికారికి చూపించాలి. ఆలస్యానికి జరిమానా ఉంటుంది. బ్లాకు మార్చాల్సి వస్తే ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ముందుగానే రవాణా కార్యాలయంలో అడిగి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఈ కారణం వల్లే మీ బ్లాకు పగిలి ఉంటే తప్ప మార్చొద్దంటాను. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ యాభై ఏళ్లు దాటిన కార్లకు, టూవీలర్లకు మాత్రమే, ట్రాక్టర్లకు వర్తించదు. అది చేయిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

నాజిల్ రంధ్రాల్లో ఆయిలు పోసి పది రోజులయ్యాక ఫ్లైవీల్ కదిలిందో లేదో, హెడ్డు దించితే లైనర్ బోరు ఎంత వచ్చిందో, పంపు బిళ్ల మీద ఏముందో రాసి పంపండి. వాటిని బట్టి ఏ లైనర్ సెట్ అడగాలో, పంపు రిపేరుకు ఇవ్వాలో మార్చాలో చెప్తాను.